మైదాపిండి పిల్లలు

మా కాలనీ సంక్షేమ సంఘం వారు రెండువేల సంవత్సరానికి స్వాగతం పలుకుతూ అచ్చువేయించిన సంచిక నిన్న నా చేతికి వచ్చింది. బోరుబావి తవ్వించినవారి పేర్లు అందులో ఉన్నాయి. వీధిదీపాల కోసం విద్యుత్ కార్యాలయం చుట్టూ తిరిగినవారి ఛాయాచిత్రాలు ఉన్నాయి. బొంబాయి రహదారి మలుపులో స్వాగతతోరణం కట్టించిన పెద్దమనిషికి ఒక నిండు పుట కేటాయించారు. చివరన 'భద్రత' అన్న శీర్షిక కింద, నిరుడు డిసెంబరులో జరిగిన ఒక అవాంఛనీయ సంఘటనను సంఘం సకాలంలో అరికట్టిందని ఒకే ఒక వాక్యం ఉంది. ఆ సంఘటన ఏమిటో, అందులో ఎవరికి ఏమయిందో రాయడానికి వారికి చోటు చాలలేదు.

నా దగ్గర చోటుంది. కాగితాలూ ఉన్నాయి. ఆనాడు సంఘం ఇంటింటికీ పంచిన నోటీసు, దానికి నేను రాసిన జవాబు నకలు, జవాబు ముట్టినట్టు కార్యదర్శి చేసిన సంతకం, ఇవన్నీ ఒకే కవరులో భద్రపరిచాను. వాటితోపాటు ఒక ఎర్ర ఊలుదారపు ముక్క కూడా ఉంది. అయితే ఆ కాగితాలు ఎన్నిసార్లు తిరగేసినా వాటిలో పుణ్యవతిగారు కనిపించరు. ఒక ఇంటి నంబరు కనిపిస్తుంది, అంతే. అందుకే ఇది రాస్తున్నాను.

పుణ్యవతిగారిది గుంటూరు వైపు ఒక పల్లె. వయసు యాభై దాటింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్నది ఆమె సొంత విషయం గనక నేను అడగలేదు. అడిగినవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండేది. చాలా ఏళ్లు ఒక మిషనరీ బాలికల పాఠశాలలో డ్రాయింగు టీచరుగా పనిచేశారు. ఉండడమూ ఆ పాఠశాల హాస్టల్లోనే. అక్కడి వంటశాలలో కనకమ్మ అనే పెద్దావిడ క్రిస్మస్‌కు ముందు రోజుల తరబడి బిస్కట్లు చేసేదట. తీపిపిండిని చపాతీలా ఒత్తి, రేకు అచ్చులతో నక్షత్రాలుగా, చేపలుగా, చిలకలుగా కోసి, కాల్చి, చల్లారాక చక్కెరముద్దతో రంగులు వేయడం ఆ హాస్టలు ఆచారం. చేతిలో కుంచె ఉన్న మనిషి చూస్తూ ఊరుకుంటుందా? రంగుల పని మొదటి ఏడాదే పుణ్యవతిగారి చేతికి వచ్చింది. తరవాత అచ్చులు గీసే పని, ఆ తరవాత పిండి కలిపే పని కూడా వచ్చాయి.

సెలవులకు ఇంటికి వెళ్లే దారిలేక హాస్టల్లోనే ఉండిపోయే ఆడపిల్లలు ప్రతి ఏడాదీ కొందరుండేవారు. వాళ్ల కోసం ఆమె ఒక కొత్త అలవాటు కనిపెట్టారు. ఎవరి రూపు వారికే బిస్కట్టుగా చేసి ఇవ్వడం. రెండు జడల పిల్లకు రెండు జడలు. కళ్లజోడు పిల్లకు కళ్లజోడు. కాలికి పట్టీ కట్టుకున్న పిల్లకు ఆ పట్టీతో సహా.

"ఇంటికెళ్లలేదన్న ఏడుపు ఆ పూటకి మరిచిపోయేవాళ్లండీ," అని ఆమె నాతో అన్నారు. "ముందు తల తినాలా, కాళ్లు తినాలా అని పోట్లాడుకునేవాళ్లు. ఒక పిల్లయితే తన బొమ్మని వారం రోజులు దాచుకుని, చీమలు పట్టాక తింది."

తరవాత పాఠశాలలో డ్రాయింగు పోస్టు తీసివేశారు. పిల్లలకు బొమ్మలు గీయడం ఎందుకని పెద్దలకు తోచింది. హాస్టలు గది ఖాళీ చేయవలసి వచ్చింది.

ఆమె తమ్ముడు యజ్ఞనారాయణ విశాఖలో ఇంజనీరు. నగరం శివార్లలో, మదీనాగూడలోని మా కాలనీలో ఒక స్థలం కొని రెండు గదులు కట్టి ఉంచాడు. ఆ రోజుల్లో ఇటువైపు ఖాళీ ఇల్లు వదిలి వెళ్లడం ఎంత ప్రమాదమో ఇక్కడ స్థలమున్న ప్రతివారికీ తెలుసు. మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల కోసం అద్దాల మేడ లేస్తున్నదన్న వార్త మొదలైన దగ్గరనుంచి, ద్రాక్షతోటల్లో కూడా హద్దురాళ్లు మొలిచాయి. తాళం వేసి నెలరోజులు ఊరెళ్లి వస్తే గోడమీద మరొకరి పేరు రాసి ఉండేది. అందుకని యజ్ఞనారాయణ తన ఇంటికి తాళం వేసే బదులు అక్కగారిని వేశాడు. ఈ మాట కటువుగా ఉందని అనేవారు ఉంటే, ఆమెను బస్సు దింపిన రోజున అతను నాతో అన్న మాటలు వినండి. "మాస్టారూ, ఇంట్లో మనిషి అలికిడి ఉంటే చాలండి. అక్కయ్యకి కూడా ఓ నీడ."

మా ఇల్లు వారి ఇంటికి ఎదురుగా. పాత వారపత్రికలు తీసుకువెళ్లడానికి ఆమె అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చేవారు. చదివి, మడత నలగకుండా తిరిగి తెచ్చేవారు. మాటలు ఆ గుమ్మం దగ్గరే జరిగేవి.

ఉదయం ఎనిమిది దాటితే మా వీధిలో ఒక్క మనిషి ఉండడు. ఆడవాళ్లూ మగవాళ్లూ కార్యాలయాలకు, పిల్లలు బడికి. సాయంత్రం తిరిగి వచ్చినవాళ్లు గేటు వేసుకుంటే మళ్లీ మర్నాడే. వచ్చిన కొత్తలో పుణ్యవతిగారు ఒక శనివారం పులిహోర కలిపి, స్టీలు గిన్నెలో పెట్టి, మూలమీది రామ్మోహనరావుగారి ఇంట్లో ఇచ్చి వచ్చారు. రామ్మోహనరావుగారు సంఘం కార్యదర్శి. ప్రభుత్వంలో పెద్ద ఇంజనీరు, ఏలూరు మనిషి. గిన్నె మర్నాడు పనిమనిషి చేత తిరిగి వచ్చింది. శుభ్రంగా తోమి ఉంది, ఖాళీగా ఉంది. పుణ్యవతిగారు పుట్టి పెరిగిన చోట పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగి రాదు. ఏమీ లేకపోతే నాలుగు కరివేపాకు రెబ్బలైనా వేసి పంపుతారు. ఆమె ఆ గిన్నెను చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డారని పనిమనిషే చెప్పింది.

వారం గడిచాక పత్రికలు తిరిగి ఇస్తూ నాతో ఇలా అన్నారు. "తప్పు నాదేనండీ. గిన్నె ఇస్తే తిరిగివ్వాలి. తిరిగివ్వడమంటే వాళ్లకి ఓ పని కదా. గిన్నె అక్కర్లేనిదేదో ఇవ్వాలి."

ఆమె కోరిక చాలా చిన్నది. ఆ వీధి పిల్లల్లో ఒక్కరైనా తన గేటు తీసుకుని లోపలికి రావాలి. అంతకుమించి ఆమె ఎవరినీ ఏదీ అడగలేదు.

ఆమె ముందుగది కిటికీ సరిగ్గా బడిబస్సు ఆగే చోటికి తెరుచుకుంటుంది. ప్రతి ఉదయం ఆ కిటికీ దగ్గర కాఫీగ్లాసుతో కూర్చునేవారు. పిల్లల పేర్లు తెలియవు గనక ఆమే పేర్లు పెట్టుకున్నారు. సాక్సు జారిపోయేవాడు, నీళ్లసీసా మరిచిపోయేది, వెనక్కి నడిచేవాడు. రామ్మోహనరావుగారి మనవరాలు పింకీ ఒక్కర్తే ఆమెకు అసలు పేరుతో తెలుసు. తల్లి భానుశ్రీ గేటు దగ్గరనుంచి అంత గట్టిగా పిలిచేది. నవంబరు చివర్లో పింకీ సైకిలు మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. మోచేతిదాకా తెల్లటి కట్టుతో బస్సు ఎక్కడానికి పిల్ల పడే అవస్థను పుణ్యవతిగారు కిటికీలోంచి చూస్తూ, "కండక్టరు చెయ్యి అందించవచ్చు కదండీ," అని నా దగ్గర బాధపడ్డారు.

డిసెంబరు రాగానే బిస్కట్లు మొదలయ్యాయి. వెన్న ఇచ్చింది బుచ్చమ్మ. ఈ కాలనీ ఉన్న నేలంతా ఒకప్పుడు బుచ్చమ్మ వాళ్ల జొన్నచేను. చేను పోయి రెండు బర్రెలు మిగిలాయి. ఆ పాలే మాకందరికీ పోస్తుంది. వాళ్లిద్దరి సంభాషణ నా వరండాలోకి స్పష్టంగా వినిపించింది.

"గింత వెన్నేం చేస్తవ్ టీచరమ్మా? ఉండేది ఒక్కదానివి. సుట్టాలొస్తున్నరా?"

"లేదు బుచ్చమ్మా. పిల్లలకి బిస్కట్లు చేద్దామని."

"ఎవల పిల్లలకు?"

"వీధిలో పిల్లలకి."

"వాళ్లు నిన్ను పలకరిస్తరా ఏంది?"

"పలకరించరు."

"మరి గిట్లెందుకు పరేషానైతవ్? దుకాన్ల దొరకయా బిస్కట్లు?"

"దొరుకుతాయి. వాటి మీద వీళ్ల మొహాలుండవు కదా."

బుచ్చమ్మ పెద్దగా నవ్వింది. "మొహాలున్న బిస్కట్లు! జర పిచ్చిదానివే తల్లీ నువ్వు. సరే తీస్కో. నా బర్రె పేరు మాత్రం ఖరాబ్ చెయ్యకు."

మనిషి ఆకారపు అచ్చు కోసం మూసాపేట వెళ్లి, రేకుపని చేసే అతనికి కాగితం మీద బొమ్మ గీసి చూపించి, నూనెడబ్బా రేకుతో చేయించుకు వచ్చారు. పొయ్యి ఆమె వెంట గుంటూరునుంచి వచ్చినదే. పైమూతకు అద్దపుకన్ను ఉన్న గుండ్రటి అల్యూమినియం కరెంటు పొయ్యి. కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు గనక ఒక్కొక్క వాయి ఒక్కొక్క గండం. సగం కాలాక కరెంటు పోతే అంచులు కాలి నడుమ పచ్చిగా ఉండిపోయేవి. వెన్నను, పొడిచేసిన చక్కెరను తెల్లబడేదాకా గిలకొట్టి, జల్లించిన మైదా, నాలుగు చుక్కల వెనిలా కలిపి, ముద్దను తడిగుడ్డలో చుట్టి నీళ్లబిందె పక్కన చల్లదనానికి ఉంచేవారు. పిండి చల్లగా లేకపోతే అచ్చుకు అంటుకుని బొమ్మల మెడలు సాగిపోతాయట. మొదటి వాయిలో బేకింగ్ పౌడరు కాస్త ఎక్కువపడి బొమ్మలన్నీ బుగ్గలు ఉబ్బి బయటికి వచ్చాయి.

"ఒక్కదాన్నే పకపకా నవ్వానండీ," అన్నారు మర్నాడు. "నవ్వి, ఇంకెవరైనా చూశారా అని వెనక్కి తిరిగి చూశాను. అప్పుడు గుర్తొచ్చింది."

రంగుల కోసం చక్కెరపొడిని పాలతో, నిమ్మరసంతో మెత్తగా కలిపారు. గుడ్డు ఎవరు తింటారో ఎవరు తినరో తెలియదని గుడ్డు వేయలేదు. బీట్‌రూట్ రసంతో ఎరుపు, పసుపుతో పసుపుపచ్చ, పాలకూరతో ఆకుపచ్చ. గోరింటాకు కోను చుట్టినట్టు పాలిథిన్ కాగితం చుట్టి, కొస కత్తిరించి, దానితో గీతలు గీశారు. కళ్లకు నల్లనువ్వులు అద్దారు. జారిన సాక్సు జారినట్టే వేశారు. పింకీకి పసుపుపచ్చ గౌను తొడిగి, కుడిచేతికి తెల్లటి కట్టు వేశారు. అన్నీ ఆరాక ఒక్కొక్క బొమ్మను ఒక్కొక్క బాదం ఆకు మీద పెట్టి, గాలికి జారకుండా ఎర్ర ఊలుదారంతో చుట్టారు. గిన్నె లేదు, తిరిగివ్వవలసింది ఏదీ లేదు. ఆకు పారేస్తే సరిపోతుంది.

పిల్లలు బడికి బయలుదేరకముందే అందాలని, తలుపు తట్టి పొద్దున్నే ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని, తెల్లవారగానే గేట్లు మెల్లగా తీసి గడపల ముందు పెట్టి వచ్చారు. ఆ రోజు శుక్రవారం. మార్గశిర అమావాస్య. ఆమె ఇంట్లో ఉన్నది పాఠశాలవారు పంపిన క్యాలెండరు. అందులో తేదీలే ఉన్నాయి, తిథులు లేవు.

భానుశ్రీ తలుపు తీసింది. ఈ అమ్మాయి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు రెండు సున్నాలను చూసి తడబడతాయని లోకమంతా బెదిరిపోతుంటే, ఆ భయానికి విరుగుడు రాయడమే తన పని అని నాకు ఎంతో వివరంగా చెప్పింది. గడప ముందు బాదం ఆకు, ఆకు చుట్టూ ఎర్రదారం, దారం కింద మనిషి ఆకారంలో పిండిబొమ్మ. ఎర్రటి నోరు, నల్లనువ్వుల కళ్లు, కుడిచేతికి కట్టు.

"మావయ్యగారూ!" అన్న కేక వీధి చివరిదాకా వినిపించింది.

రామ్మోహనరావుగారు నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకు వచ్చారు. "ముట్టుకోకు! ఎవరూ ముట్టుకోకండి! ఇవాళ తిథి ఏమిటి?"

"అమావాస్యండీ," అని పక్కింటి వెంకటలక్ష్మిగారు గోడమీదుగా అందించారు. "అందులో శుక్రవారం కూడానూ. అయ్యయ్యో, మా గడప ముందు కూడా ఉందండీ ఒకటి! మావాడిలాగే సాక్సు జారి ఉంది!"

పది నిమిషాల్లో వీధి నిండింది. ఈ కాలనీలో నేనున్న రెండేళ్లలో అంతమంది ఒకచోట చేరడం చూడలేదు. అందరూ ఆకులకు అడుగు దూరంలో నిలబడి ఉన్నారు. నేను వెళ్లేసరికి ఎవరో నిమ్మకాయలు తెమ్మంటున్నారు.

ఈ అలికిడి పుణ్యవతిగారికీ వినిపించింది. పిల్లలు సంతోషంతో చేస్తున్న గోల అనుకున్నారు. వెంకటగిరి చీర కట్టుకుని ఉన్నారు ఆ ఉదయం. ఎవరైనా వస్తారేమోనని. చేతులు తుడుచుకుంటూ, నవ్వుతూ వచ్చారు.

"పాప చూసిందా అమ్మా?" అని భానుశ్రీని అడిగారు.

ఒక్కసారిగా అందరూ ఆమెవైపు తిరిగారు.

"ఇవి మీరు పెట్టారా?" అన్నారు రామ్మోహనరావుగారు.

"నేనేనండీ. ఎండెక్కితే రంగు చెమరుస్తుందని పొద్దున్నే పెట్టేశాను."

"ఎందుకు పెట్టారు?"

"తినడానికండీ. బిస్కట్లు."

"బిస్కట్లా? బిస్కట్టు గుండ్రంగా ఉంటుంది, లేకపోతే పలకలా ఉంటుంది. దానికి కాళ్లూ చేతులూ ఉంటాయా? కళ్లుంటాయా?"

"మా స్కూల్లో పిల్లలకి ఇలాగే..."

"మా పాప చేతికి కట్టు ఎందుకు వేశారు ఆంటీ?" అని భానుశ్రీ అడిగింది.

"పాపకి కట్టు ఉంది కదమ్మా."

"మీరు మా ఇంటికి రాలేదు కదా. ఏ చెయ్యో కూడా మీకెలా తెలుసు?"

"రోజూ చూస్తాను కదమ్మా, కిటికీలోంచి."

"రోజూ చూస్తుందట!" అన్నారు వెంకటలక్ష్మిగారు. "కట్టు ముందా, బొమ్మ ముందా? ముందు అది తేల్చండి."

ఆ ప్రశ్నకు నాకు తల తిరిగింది. పిల్ల చెయ్యి విరిగింది నవంబరులో, పిండి కలిపింది ఈ వారంలో, ఇందులో తేల్చడానికి ఏముందని గట్టిగానే అడిగాను. రామ్మోహనరావుగారు నాకేసి జాలిగా చూశారు. "మీరు పుస్తకాల మనిషి మాస్టారూ. ఇవి మీకు తెలియవు." ముప్పై ఏళ్లు వంతెనలకు లెక్కలు కట్టిన మనిషి ఆ మాట అన్నాడు. అద్దాల మేడ మా ఊరికి వచ్చి అప్పటికి నెల అయింది.

అప్పుడే బుచ్చమ్మ పాలక్యాన్లతో వచ్చింది. "ఏందయ్యా గీ లొల్లి? పాలు పోపిచ్చుకుంటరా లేదా?"

"దూరంగా ఉండు బుచ్చమ్మా. చేతబడి," అన్నారు ఎవరో.

ఉన్నమాట చెప్పాలి. బుచ్చమ్మ కూడా గబుక్కున రెండడుగులు వెనక్కి వేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాణామతి పేరు చెప్పి మనుషుల్ని కొట్టిన ఊళ్లు ఆమె ఎరుగును. కాసేపు ఆ బొమ్మవంక చూసి, "గిండ్ల వెన్న ఎవలది?" అని అడిగింది.

"నీదే బుచ్చమ్మా," అన్నారు పుణ్యవతిగారు.

బుచ్చమ్మ ముఖంలో భయం పోయి కోపం వచ్చింది. "నా బర్రె వెన్నల చేతబడి ఏంది సార్? గీ మాట ఊరంత పాకితే రేపటిసంది నా పాలు ఎవడు పోపిచ్చుకుంటడు?" అంటూ ముందుకు వచ్చి, వెంకటలక్ష్మిగారి గడప దగ్గరి బొమ్మను తీసి, దారం తెంచి పారేసి, తల విరిచి నోట్లో వేసుకుంది. అందరూ ఆమె నోటినే చూస్తున్నారు. ఆమె తాపీగా నమిలి మింగింది.

"తీపి జర ఎక్కువైంది టీచరమ్మా," అంది. "గంతే."

నేనైతే విషయం అక్కడితో ముగిసిందనుకున్నాను. రామ్మోహనరావుగారు మాత్రం గొంతు తగ్గించి, అందరికీ వినిపించేలాగే అన్నారు. "వెన్న ఇచ్చిన చెయ్యి కదండీ. ఆవిడకి ఏమవుతుంది?"

బుచ్చమ్మ ఆయనకేసి ఒకసారి, వీధిలోని గేట్లకేసి ఒకసారి చూసింది. ప్రతి గేటూ ఆమె పాలు పోసే గేటే. మిగిలిన బొమ్మ ముక్క కొంగులో వేసుకుని, క్యాన్లు ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆమె తెంచి పారేసిన దారాన్నే నేను తీసి దాచాను.

రామ్మోహనరావుగారు ఎవరో సిద్ధాంతికి ఫోను చేశారు. చేత్తో తాకకుండా కర్రతో వార్తాపత్రికలోకి తోసి, మూడుదారుల కూడలిలో కర్పూరం వేసి కాల్చమని ఆ మహానుభావుడు సెలవిచ్చాడు. అలాగే చేశారు. తోసేటప్పుడు ఒక బొమ్మ కాలువపక్కన పడితే వీధికుక్క దాన్ని తినేసి, తోక ఊపుతూ ఇంకొకటి కోసం అక్కడే కూర్చుంది. అది ఈనాటికీ బతికే ఉంది. దాని సాక్ష్యం ఎవరూ తీసుకోలేదు.

మంట లేచేసరికి వెన్న, చక్కెర, వెనిలా కలిసి కాలుతున్న వాసన వీధంతా కమ్ముకుంది. తల్లి చంకలో ఉన్న పింకీ ముక్కు ఎగబీల్చింది.

"అమ్మా, ఎంత బాగుందో వాసన! నాకూ కావాలి."

"నోరుముయ్!" అని భానుశ్రీ పిల్లను లోపలికి తీసుకుపోయింది.

పుణ్యవతిగారు ఆ మంట ఆరేదాకా అక్కడే నిలబడ్డారు. ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. ఆమె చుట్టూ ఖాళీ జాగా వదిలి నిలబడ్డారు, అంతే. మంట ఆరాక ఆ ఖాళీలోంచే నడిచి ఇంటికి వెళ్లారు.

సాయంత్రానికి నోటీసు వచ్చింది. 'గడపల వద్ద కనిపించు అనుమానాస్పద పదార్థములను నివాసితులు తాకరాదు. బాధ్యులైన గృహయజమానికి తగు సమాచారము పంపబడినది.' ఏ చట్టం ప్రకారం, ఏ రుజువుతో, ఏ పదార్థమని ప్రశ్నిస్తూ నేను నాలుగు పుటల జవాబు రాశాను. ముట్టినట్టు సంతకం చేశారు. నేటికీ ప్రత్యుత్తరం లేదు.

గృహయజమాని అంటే యజ్ఞనారాయణ. అతనికి ఫోను వెళ్లిందని తెలియగానే పుణ్యవతిగారు సామాను సర్దుకున్నారు. ఆ నీడ తప్పితే ఆమెకు మరొక చోటు లేదు. హాస్టలు గదిలో వేరెవరో ఉన్నారు. నేను వెళ్లేసరికి పెట్టె కట్టి ఉంది. పొయ్యి తుడిచి అట్టపెట్టెలో పెట్టారు. రేకు అచ్చు మాత్రం బయట బల్లమీద ఉంది.

"దీన్ని తీసుకెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నానండీ," అన్నారు.

ఆదివారం యజ్ఞనారాయణ వచ్చాడు. రావడంతోనే సంఘంవారితో మాట్లాడి, చెవులు ఎర్రబడి ఇంటికి వచ్చాడు. తోడుగా ఉండమని పుణ్యవతిగారు నన్ను కూర్చోబెట్టుకున్నారు.

"ఎందుకక్కయ్యా ఈ గొడవలన్నీ? ఇల్లు చూసుకుంటూ కూర్చోమంటే నీకు బిస్కట్లెందుకు? ఆ కార్యదర్శి నిన్ను తీసుకుపొమ్మంటున్నాడు. ఎక్కడికి తీసుకుపోను? మా ఇంట్లో ఉన్నవే రెండు గదులు."

బుచ్చమ్మ అప్పుడే పాలు పోయడానికి పెరటి గుమ్మంలోంచి వచ్చింది. శుక్రవారంనుంచి ఆ ఇంటికి ముందు గేటులోంచి రావడం మానేసింది.

"నువ్వేనా తమ్మునివి?" అంది యజ్ఞనారాయణను చూసి. "అక్కను గంత మాటంటవేంది? ఎనక గల్లీల రెండు ప్లాట్లు మొన్న కబ్జా పెట్టిన్రు, తెలుసా? గోడలు గూడ లేపిన్రు. నిన్న ఈ దిక్కు గూడ వచ్చిన్రు. ఇది గా టీచరమ్మ ఇల్లని ఎవలో చెప్తే జీపు ఆపకుంటనే ఎల్లిపోయిన్రు. భయం."

యజ్ఞనారాయణ లేచి వరండాలోకి వెళ్లి, వెనకవీధివైపు చూసి, తిరిగి వచ్చాడు. ముఖంలో కోపం పోయింది. మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు.

"పెట్టె విప్పక్కయ్యా," అన్నాడు. "సంఘంవాళ్లతో నేను మాట్లాడతాను. నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు. ఇంక ఈ ఇంటి ఛాయలకి ఎవరూ రారు."

"ఎవరూ రారా?" అన్నారు పుణ్యవతిగారు.

"ఎవరూ రారు," అన్నాడు అతను సంతోషంగా.

ఆమె పెట్టె విప్పారు. చీరలు ఒక్కొక్కటీ తీసి మళ్లీ చిలక్కొయ్యకు వేశారు. సంఘం కూడా ఒప్పుకుంది. ఇకమీదట అటువంటివి చేయరని తమ్ముడు రాసి ఇచ్చాడు. సంచికలో వారు చెప్పుకున్న భద్రత ఇది.

మర్నాడు ఉదయం ఆమె ముందుగది కిటికీ మూసి ఉంది. ఆ మర్నాడూ అంతే. పిల్లలను చూస్తారన్నదే తన మీద వచ్చిన నేరం గనక, ఆమె చూడడం మానేశారు. పగలు వెనకగదిలో కూర్చునేవారు. పత్రికలు కూడా చీకటిపడ్డాక వచ్చి తీసుకువెళ్లేవారు.

జనవరి మొదట్లో ఒక ఉదయం బడిబస్సు దగ్గర పింకీ ఒక్కతే ముందుగా వచ్చి నిలబడింది. కట్టు విప్పేశారు. పిల్ల అటూ ఇటూ చూసి, పుణ్యవతిగారి గేటు దగ్గరికి వెళ్లి, కుడిచేతిని గేటుమీద వేసింది. గడియ అందలేదు. మునివేళ్లమీద లేచింది. "పింకీ!" అని భానుశ్రీ కేక వినిపించింది. పిల్ల వెనక్కి వచ్చి, బస్సు మెట్టెక్కి, మూసి ఉన్న ఆ కిటికీకేసి కుడిచేతిని పైకెత్తి, ఆడించి చూపించింది. బస్సు కదిలేదాకా ఆడిస్తూనే ఉంది.

నేను వెంటనే వెళ్లి పెరటి గుమ్మంలోంచి పుణ్యవతిగారికి ఆ విషయం చెప్పాను. ఆమె బల్లదగ్గర కూర్చుని ఉన్నారు. ముందు పళ్లెంలో బిస్కట్లున్నాయి. గ్లాసు అంచుతో కోసిన గుండ్రటివి. వాటిమీద ఒక్క గీత కూడా లేదు. గేటుమీద చెయ్యి వేసిందన్న చోట ఆమె తల ఎత్తారు.

"కుడిచెయ్యేనా?"

"కుడిచెయ్యే."

"సన్నబడిందాండీ?"

నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

"కట్టు విప్పాక చెయ్యి సన్నబడుతుందండీ. రెండో చేతితో పోలిస్తే తెలుస్తుంది. కొంతకాలానికి మళ్లీ సరిపోతుంది," అన్నారు. "మీరు గమనించలేదా?"

గమనించలేదన్నాను.

ఆమె పళ్లెం నావైపు జరిపారు. ఒకటి తీసుకున్నాను. తీపి తగ్గించారు. మూసిన ముందుగది కిటికీ రెక్కల సందులోంచి ఒక వెలుగుగీత గుమ్మం దాటి వచ్చి నేలమీద పడి ఉంది. ఆమె కుర్చీ దానికి ఎడంగా ఉంది.

"రేపు బస్సు వచ్చేటప్పుడు మీరు వరండాలోనే ఉంటారు కదా," అన్నారు. "కాస్త చూసి చెబుతారా?"

చూశాను. సన్నబడింది. వెళ్లి చెప్పాను.

"మరీనా?"

"కొంచెమే."

ఆమె తల ఊపి, పొయ్యిమీద పాలు పొంగుతున్నాయని లేచారు.